మొఖోత్లో డైరీ: కలహారి ఇసుకలో ఇరవై నెలలు

దక్షిణాఫ్రికా ఉత్తర కేప్ రాష్ట్రంలో, కలహారి అంచున, కాతూ అనే ఇనుప గనుల ఊరు ఉంది. ఇక్కడి ఒక సౌర విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా చేరిన మొదటి నెలలోనే ఒక దృశ్యం చూశాను. కొత్త ప్యానెళ్ళ కోసం నేల చదును చేసే ముందు ఇద్దరు మనుషులు ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, మాను చుట్టుకొలత తీసి, నంబరు బిళ్ళ కట్టి, పుస్తకంలో రాసుకుంటూ వెళ్తున్నారు. దూరం నుంచి అది నల్ల తుమ్మలాగే ఉంది. జంట ముళ్ళు, చింతాకులాంటి సన్నని ఆకు, పసుపు పచ్చని గుండ్రటి పూలు. మా కడప జిల్లాలో కంచెకూ పొయ్యికీ నరికే చెట్టుకు ఇక్కడ ఇంత లెక్క ఎందుకని అడిగాను. ఆ ప్రశ్నే నన్ను ఈ పనిలోకి దించింది.

అది నల్ల తుమ్మ కాదు గానీ దానికి దగ్గరి చుట్టమే. చిక్కుడు, కంది, చింత, జమ్మి ఉన్న కుటుంబమే దీనిదీ. రెండిటినీ ఒకప్పుడు అకేసియా ప్రజాతిలో చేర్చేవారు. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్రజ్ఞుల మహాసభ ఆ పేరును ఆస్ట్రేలియా చెట్లకు ఉంచడంతో ఆఫ్రికా, ఆసియా తుమ్మలు చాలావరకు వాచెలియా, సెనెగాలియా అనే కొత్త పేర్ల కిందికి వచ్చాయి. నల్ల తుమ్మ వాచెలియా నిలోటికా అయింది, ఈ చెట్టు వాచెలియా ఎరియోలోబా అయింది. ఆఫ్రికాన్స్ భాషలో దీన్ని కామీల్‌డోరింగ్ అంటారు. ఆ భాషలో జిరాఫీ పేరు కామీల్‌పెర్ట్, అంటే ఒంటె గుర్రం. జిరాఫీలు ఇష్టంగా మేసే ముళ్ళ చెట్టు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి జిరాఫీ పోయి ఒంటె మిగిలి, కామెల్ థార్న్ అయింది. మా పక్కింట్లో ఉండే రిటైరైన టీచరు సెత్స్వానా మాట్లాడతారు. ఆమె మొఖోత్లో అంటారు. నేనూ అలాగే అంటాను. ఆమెను మ్మా అని పిలుస్తాను. సెత్స్వానాలో స్త్రీలను గౌరవంగా పిలిచే మాట అది. ఇన్నేళ్ళయినా నా నోటికి అది అమ్మ అన్నట్టే ఉంటుంది.

1998 జాతీయ అడవుల చట్టం కింద మొఖోత్లో రక్షిత వృక్షం. లైసెన్సు లేకుండా దాన్ని కొట్టకూడదు, దెబ్బతీయకూడదు. దాని నుంచి వచ్చినదాన్ని సేకరించడం, తరలించడం, కొనడం, అమ్మడం, చివరికి దానంగా ఇవ్వడం కూడా కుదరదు. శేషాచలం కొండల కింద పెరిగినదాన్ని, నాకు ఇది కొత్త కాదు. ఎర్రచందనం కూడా ఈ కుటుంబపు చెట్టే. సొంత పట్టా భూమిలో పెంచుకున్నా అనుమతి లేకుండా కొట్టకూడదని చిన్నప్పటి నుంచి విన్నదాన్నే. అయితే ఎర్రచందనం ప్రపంచంలో మన కొండల్లో తప్ప సహజంగా పెరగదు. మొఖోత్లో అలా కాదు. నమీబియా, బోత్స్వానా, దక్షిణాఫ్రికాల ఎండు నేలల్లో ఎటు చూసినా కనిపిస్తుంది. అంతరించిపోతున్న జాతుల జాబితాలోనూ లేదు. మరి కాపాడటం ఎందుకు? దాని కట్టె నిప్పు గంటల తరబడి ఆరదు. ఇక్కడివాళ్ళు బయట మాంసం కాల్చుకునేటప్పుడు ముందు వెతికే కట్టె అదే. 1870ల తర్వాత కింబర్లీ వజ్రాల గనుల ఆవిరి యంత్రాలకు కట్టెలు కావాల్సి వచ్చి చుట్టుపక్కల చెట్లన్నీ బండ్లకెక్కాయి. ఒక మహావృక్షం తయారు కావడానికి వందేళ్ళు దాటుతుంది, మంట అయిపోవడానికి ఒక సాయంత్రం చాలు. కాతూ పక్కనే సుమారు 4 వేల హెక్టార్ల మొఖోత్లో వనం ఉంది. 2009లో దాన్ని రక్షిత వనంగా ప్రకటించారు. ఇంత దట్టంగా ఇవి పెరిగే చోట్లు చాలా అరుదు.

కొట్టేసిన చెట్లకు బదులు మొక్కలు నాటాలనే మాట అందరూ అంటారు. గింజ నుంచి ఈ చెట్టును నిలబెట్టడం అసలు ఎంత పనో నా చేతులతో తెలుసుకోవాలనిపించింది. ఇది ఆ లెక్క.

మొదటి ఏడు, ఆగస్టు 19

అనుమతి కాగితం వచ్చింది. ఊరికి 20 కిలోమీటర్ల దూరంలో పశువులు పెంచే ఒక రైతు తన పొలంలో రాలిన కాయలు ఏరుకోమన్నారు, మొక్కలు నాటడానికి జాగా కూడా ఇస్తానన్నారు. కాయలు తీసుకునే చోటు, నాటే చోట్లు రెండూ దరఖాస్తులోనే రాశాను. పొలం ఒకటి, మ్మా పాఠాలు చెప్పిన బడి ఆవరణ రెండోది.

ఆగస్టు 26

పొలానికి వెళ్ళాం. మ్మా కూడా వచ్చారు. మేం ఆగిన చెట్టు మాను నేనూ ఆమే చేతులు కలిపి చుట్టినా అందలేదు. ఒక వానచుక్క పడి నాలుగు నెలలైంది. నేలంతా ఎర్ర ఇసుక, ఎండిన గడ్డి. అలాంటి రోజుల్లో ఆ చెట్టు నిండా పసుపు పూలు, తేనె వాసన! వానల కోసం ఎదురుచూడకుండా పూయగలగడానికి కారణం కిందే ఉంది. కలహారిలో బోరు బావులు తవ్వేటప్పుడు ఈ చెట్టు వేళ్ళు 60 మీటర్ల లోతున కనిపించాయని నమోదై ఉంది. కడపలో మా ఊరి బోర్లు చాలావరకు అంత లోతు కూడా లేని రోజులు నాన్నకు గుర్తున్నాయి.

పై కొమ్మల్లో గడ్డివామిని ఎత్తి పెట్టినట్టు ఒక పెద్ద గూడు ఉంది. మన గిజిగాడి బంధువులు కట్టింది. మన గిజిగాడు ఎవరి గూడు వారికన్నట్టు ఒక్కొక్కటి వేలాడదీస్తుంది. ఈ పిట్టలు వందలాది కలిసి ఒకే కప్పు కింద కాపురముంటాయి. తరతరాలుగా కడుతూ పోతే గూడు బరువు టన్ను దాకా వస్తుంది. ఆ బరువు మోయడానికి ఇంత గట్టి కొమ్మలు కావాలి. చెట్టు పడిపోతే పోయేది ఒక చెట్టు మాత్రమే కాదని అక్కడ నిలబడినప్పుడు అర్థమైంది.

కాయలు బూడిద రంగులో, చెవి ఆకారంలో ఉన్నాయి. పైన మఖమల్ గుడ్డలాంటి నూగు. రెండు గోనె సంచులు నింపుకున్నాం. పశువుల దొడ్డిలో ఎండిన పేడ కూడా ఒక సంచి అడిగి తీసుకున్నాను. అది నాన్న చెప్పిన మాట వల్ల. గురువారం ఫోనులో ఈ సంగతి చెబితే ఆయన వెంటనే అన్నారు: "చెట్టు కింద గింజలు ఎందుకమ్మా ఏరడం? మేకల దొడ్డిలో వెతుకు. మేక కడుపులోంచి వచ్చిన తుమ్మ గింజే మొలుస్తుంది. మా చిన్నప్పుడు తుమ్మ నారు పోయాలంటే గొర్రెల దొడ్లు తిరిగేవాళ్ళం."

సెప్టెంబరు 2

కాయలు వాటంతట అవి పగలవు. సుత్తితో కొడితే నూగు రాలి చేతుల నిండా దురద. లోపల బెండులాంటి గుజ్జు, అందులో వరుసలు వరుసలుగా ముదురు గోధుమ రంగు గింజలు. మూడో వంతు గింజలకు గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలున్నాయి. కంది, పెసర డబ్బాల్లో పడే పురుగు జాతిదే ఇక్కడ కూడా. మంచి గింజలు 120 దొరికేసరికి చీకటి పడింది. పేడ నలిపి ఏరితే ఇంకో 40.

సెప్టెంబరు 9

గింజలు నాలుగు జట్లు, జట్టుకు నలభై. మొదటి జట్టుకు ఏమీ చేయలేదు. రెండో జట్టు మీద మరిగిన నీళ్ళు దించి పోసి ఒక రోజంతా ఉంచాను. మూడో జట్టుకు ఒక్కో గింజకూ కన్ను లేని వైపు నెయిల్ కట్టర్‌తో చిన్న గాటు పెట్టి నానబెట్టాను. నాలుగోది పేడలో దొరికినది. లీటరు పాల డబ్బాలు పైన కోసి, అడుగున రంధ్రాలు చేసి, ఇసుకలో పెద్ద చెట్టు కింద తెచ్చిన మట్టి నాలుగో వంతు కలిపి నింపాను. వేళ్ళకు మేలు చేసే సూక్ష్మజీవులు ఆ మట్టిలోనే ఉంటాయి. దుకాణంలో కొన్న మట్టితో ఆ పని కాదు.

గాటు పెట్టిన గింజలు ఒక్క రాత్రిలో రెట్టింపయ్యాయి. ఏమీ చేయనివి గులకరాళ్ళలాగే అడుగున పడి ఉన్నాయి.

సెప్టెంబరు 30

మూడు వారాల లెక్క. ఏమీ చేయనివి 3, వేడినీళ్ళవి 19, గాటు పెట్టినవి 34, పేడవి 14. మొత్తం 70 మొలకలు.

నాన్నకు చెప్పాను. గాటు గెలిచిందనగానే, "నీ దగ్గర నలభై గింజలున్నాయి కాబట్టి గాటు పెట్టావు, దొడ్డిలో వేల గింజలకు ఎవరు పెడతారు?" అన్నారు. ఆ మాట నిజం. గింజ పొర అంత గట్టిగా ఉండటం కలహారికి తగ్గ ఏర్పాటే. ఒక్క జల్లు పడగానే గింజలన్నీ మొలిచేస్తే తర్వాతి ఎండకు అన్నీ పోతాయి. కొన్ని ఇప్పుడు, కొన్ని ఏ పదేళ్ళకో. ఆవు, ఏనుగు, జిరాఫీ, ఓరిక్స్ జింక తిని మోసుకెళ్ళి దూరంగా ఎరువుతో సహా వేస్తాయి. ఏమీ చేయని ఆ 37 గింజలను పారేయలేదు, డబ్బాల్లోనే ఉంచాను.

అక్టోబరు 3

నారు కుళ్ళు తెగులు. తొమ్మిది మొలకలు నేల దగ్గర నల్లబడి పడిపోయాయి. తప్పు నాదే. ఆఫీసు నుంచి రాగానే ఎండకు వాడిపోతాయేమోనని రోజూ నీళ్ళు పోశాను. మ్మా చూసి, "బిడ్డా, నువ్వు దీన్ని మీ ఊరి కూరగాయ మొక్క అనుకుంటున్నావు. దీనికి దాహం నేర్పాలి" అన్నారు. ఇక వారానికి రెండుసార్లే.

అక్టోబరు 8

61 మొక్కల్లో రెండింటిని బలి ఇచ్చాను. వేరు ఎలా ఉందో చూడకుండా ముందుకు వెళ్ళడం ఇష్టం లేకపోయింది. డబ్బా చీల్చి బక్కెట్ నీళ్ళలో ఇసుక మెల్లగా కడిగాను. పైన కాండం 5 సెంటీమీటర్లు, నాలుగు చిన్న ఆకులు. కింద తల్లివేరు 27 సెంటీమీటర్లు! డబ్బా అడుగు తగలగానే పక్కకు తిరిగి, దారి వెతుక్కుంటూ ఒక చుట్టు చుట్టింది. పక్క వేళ్ళు దాదాపు లేవు. ఉన్న కొద్దిపాటి వేళ్ళ మీద ఆవగింజలో సగమంత బుడిపెలు మూడు కనిపించాయి. గోరుతో నొక్కితే లోపల లేత గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే పని మొదలైందన్న మాట. ఆ రంగు చూసి ఎంత సంతోషం కలిగిందో రాయడానికి మాటలు రావడం లేదు.

ఇప్పటివరకు ఆకులు లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాస్తున్నాను. ఈ రోజు ఆ పేజీలన్నీ దాదాపు పనికిరానివని తెలిసింది. ఆకులు ఒక వంతు, వేరు ఐదు వంతులు. నేను మొక్కను పైనుంచి చూస్తున్నాను, అది కిందికి పెరుగుతోంది.

అక్టోబరు 21

మురుగు నీటికి వాడే 110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాలు ఆరు తెచ్చాను. ఒక్కోటి ఆరు మీటర్లు. మీటరు ముక్కలుగా కోస్తే 36 వచ్చాయి. ప్రతి ముక్కనూ నిలువునా రెండుగా చీల్చి, మళ్ళీ కలిపి మూడు చోట్ల ఇనుప తీగతో బిగించాను. నాటే రోజు తీగ తెంపితే గొట్టం రెండు బద్దలుగా విడిపోయి వేరు చెదరకుండా వస్తుందని ఆలోచన. అడుగున ఇనుప వల కట్టి, గొట్టాలను నేలకు ఆనకుండా ఇటుకల మీద నిలబెట్టాను. అడుగు దాటిన వేరు కొనకు గాలి తగిలితే అది ఎండి ఆగుతుంది గానీ చుట్టుకోదు.

మొక్కలు 59, గొట్టాలు 36. నెల జీతంలో దీనికి కేటాయించింది అయిపోయింది. మిగిలిన 23 మొక్కలను 30 సెంటీమీటర్ల నర్సరీ సంచుల్లో పెట్టాను. కొద్ది నెలలకు చాలుతుందిలే అనుకున్నాను.

డిసెంబరు 16

చాలలేదు. సంచుల్లోని మొక్కల ఆకులు పాలిపోతుంటే ఒకటి విప్పి చూశాను. వేరు సంచి అడుగున గడియారం స్ప్రింగులా చుట్టుకుపోయి ఉంది. ఈ చెట్టు విషయంలో ఇది చిన్న లోపం కాదు. చుట్టుకున్న తల్లివేరు తర్వాత ఎప్పటికీ నిటారుగా దిగదు. పైన పచ్చగా ఉన్నా, నీళ్ళు పోయడం ఆపిన ఏడాదే ఎండిపోతుంది. నర్సరీల్లో పొట్టి సంచుల్లో పెంచి లెక్క కోసం నాటే మొక్కల గతి ఇదేనని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎన్ని నాటారన్న సంఖ్య బోర్డు మీద రాస్తారు, వేరు ఎలా ఉందో ఎవరూ అడగరు.

ఇంకో నాలుగు గొట్టాలు కొని కోశాను. 23 మొక్కల వేళ్ళూ చుట్టు తిరిగిన చోట పదునైన కత్తెరతో కత్తిరించి గొట్టాల్లోకి మార్చాను. పన్నెండు బతకలేదు. పదకొండు నిలిచాయి. మొత్తం 47.

రెండో ఏడు, జనవరి 4

సెలవులకు నమీబియాలోని డెడ్‌వ్లై వెళ్ళి వచ్చాం. తెల్లటి బంకమట్టి నేల, చుట్టూ ఎర్రటి ఇసుక కొండలు, మధ్యలో నల్లగా నిలబడిన మొఖోత్లో మోళ్ళు. త్సౌచాబ్ నది నీళ్ళు అక్కడికి చేరే దారిని ఇసుక తిన్నెలు మూసేసి ఆ చెట్లు ఎండిపోయి ఆరేడు వందల ఏళ్ళయింది. కుళ్ళడానికి కూడా తేమ లేక అలాగే నిలిచి ఉన్నాయి. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం కింద నీరు పోతే ఈ చెట్టు ఏమవుతుందో చూపించే చోటులా అనిపించింది. ఇంటికి రాగానే గొట్టాలన్నీ ఒకసారి తడిమి చూసుకున్నాను.

ఫిబ్రవరి 11

నాటే జాగా చూడటానికి పొలానికి వెళ్ళాను. ఎండిన వాగు గట్టు మీద ఒక చిట్టడవి. దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళు ఆగిపోయాయి. సర్కారు తుమ్మ! అదే ఆకు, అదే పసుపు పచ్చని కాయ. రైతును అడిగితే ప్రోసోపిస్ అన్నారు. అమెరికా ఖండం నుంచి పశువుల మేతకూ నీడకూ అని పందొమ్మిదో శతాబ్దం చివర్లో తెచ్చారట. అందులో రెండు మూడు జాతులు కలిసిపోయాయి. ఇప్పుడు ఉత్తర కేప్‌లో లక్షల హెక్టార్లలో పాకింది.

మా ఇంటి కథే ఇది. 1877లో జమైకా నుంచి గింజలు తెప్పించి మన దేశంలో మొదట ఈ చెట్టును నాటింది కడప జిల్లా కమలాపురంలో. అక్కడికి మా ఊరు గంట ప్రయాణం. నాన్నకు ఫోటో పంపితే పది నిమిషాల్లో ఫోను చేశారు. "ఇది అక్కడికి కూడా వచ్చిందా? మన చెరువు గర్భం అంతా ఇదే కదమ్మా. కొడితే మళ్ళీ రెండింతలు లేస్తుంది" అన్నారు. తర్వాత కాసేపు ఆగి, "కానీ కరువు ఏళ్ళలో బొగ్గు కాల్చి బతికినవాళ్ళు దీంతోనే బతికారు, అది కూడా రాసుకో" అన్నారు. రాసుకున్నాను.

ఇక్కడ దీని అపకారం ఎక్కువ లోతుగా ఉంది. అదీ భూగర్భజలం తాగే చెట్టే, మొఖోత్లో తాగేదీ ఆ నీరే. సర్కారు తుమ్మ గుంపుగా ఉన్న వాగుల వెంట పాత మొఖోత్లోలు పైనుంచి ఎండుతూ వస్తున్నాయి. రైతు ఏటా కొంత కొట్టించి, మొద్దులకు మందు పూయిస్తున్నారు. నా మొక్కలకు వాగుకు దూరంగా, ఏడు వందల అడుగుల అవతల గడ్డి మైదానం ఎంచుకున్నాను.

ఈ వానల్లోనే నాటాలనుకున్నాను. కానీ ముళ్ళ కంచె పని పూర్తి కాలేదు, జల్లులు కూడా ఆగిపోయాయి. ఇంకో ఏడు ఆగాలి.

జూన్ 22

చలి. తెల్లవారుజామున సున్నాకు ఐదు డిగ్రీలు కింద. గడ్డి మీద మంచు బిందువులు కాదు, గాజులా గడ్డకట్టిన పొర. కడపలో పుట్టినదాన్ని, మొక్కను ఎండ చంపడం చూశాను గానీ చలి చంపడం చూడలేదు. పెద్ద చెట్లు దీన్ని తట్టుకుంటాయి, పసి మొక్కలు తట్టుకోలేవు. పైగా నేలలో ఉంటే వేళ్ళకు మట్టి వెచ్చదనం ఉంటుంది, నా గొట్టాలకు నాలుగు వైపులా చలిగాలే.

అన్నిటినీ గోడ పక్కకు జరిపాను. మొదట అలవాటుగా దక్షిణపు గోడ పక్కన పెట్టి, గంట తర్వాత నాలుక కరుచుకుని ఉత్తరపు గోడకు మార్చాను. ఇక్కడ చలికాలపు ఎండ ఉత్తరం నుంచి వస్తుంది. గొట్టాల చుట్టూ ఎండుగడ్డి కూరి, పైన పాత దుప్పట్లు కప్పాను.

జులై 14

47 మొక్కలూ ఆకులు రాల్చేశాయి. కాండాలు గోధుమ రంగుకు తిరిగి, గోరుతో గీరితే లోపల కూడా ఎండుగానే ఉన్నాయి. రెండు రోజులు ఈ డైరీ తెరవలేదు. మ్మా వచ్చి ఒక్కోదాని మొదట్లో ఇసుక వేలితో తొలిచి చూశారు. "పైన చూసి ఏడవకు. అక్టోబరు దాకా గొట్టాలు పారేయకు" అన్నారు. నెలకు ఒక్కసారి, ఒక్కో గ్లాసు నీళ్ళు మాత్రం పోస్తున్నాను.

అక్టోబరు 6

ఉదయం ఆరు గంటలకు పదహారో నంబరు గొట్టంలో, ఎండిన కాండం పక్కనుంచి, ఇసుక చీల్చుకుని ఎర్రటి చిగురు! చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి మ్మా తలుపు కొట్టాను.

అక్టోబరు 29

39 మళ్ళీ లేచాయి. ఎనిమిది పోయాయి. పోయిన ఎనిమిదిలో ఏడు డిసెంబరులో వేరు కత్తిరించినవే. ఒక్క వాక్యంలో రాసుకోదగ్గ ఫలితం ఈ మొత్తం పనిలో ఇదొక్కటే. వేరు చెడనివి ఒక్కటి మినహా అన్నీ చలిని తట్టుకున్నాయి. కొత్త కాండాలు పాతవాటికంటే మందంగా ఉన్నాయి, కణుపు కణుపుకూ అటూ ఇటూ వంగుతూ పెద్ద చెట్టు కొమ్మలాగే వంకర టింకరగా వస్తున్నాయి. ముళ్ళు తెల్లగా, జంటలుగా, మొదట్లో కొంచెం ఉబ్బుగా ఉన్నాయి.

ఇంకో విశేషం. నిరుడు సెప్టెంబరులో ఏమీ చేయకుండా వేసిన గింజల డబ్బాల్లో ఒకటి ఈ వారం మొలిచింది. పదమూడు నెలల తర్వాత. దాన్ని లెక్కలో కలపలేదు. కిటికీ దగ్గర పెట్టుకున్నాను.

డిసెంబరు 9 – 11

వారం కిందట మంచి వాన పడింది. మూడు రోజులు సెలవు పెట్టి నాటాం. నేను, మ్మా, రైతు దగ్గర పనిచేసే ఇద్దరు, బడి పిల్లలు ఆరుగురు.

మట్టి తొలిచే బర్మాతో మీటరుకు పైగా లోతు గుంత. ఎర్ర ఇసుకలో మొదటి అరవై సెంటీమీటర్లు వెన్నలా దిగింది. తర్వాత చాలాచోట్ల కాల్క్రీట్ తగిలింది. సున్నం గడ్డకట్టి రాయిలా మారిన తెల్లటి పొర అది, కింద కడప బండ పరిచారేమో అన్నంత గట్టిగా ఉంది. గడ్డపారతో కొడితే నిప్పురవ్వలు. 36 గుంతల కోసం 51 చోట్ల తవ్వాం. పొర పగుళ్ళు ఉన్నచోట, పలుచగా ఉన్నచోట మాత్రమే నాటాలని నిర్ణయించుకున్నాం. వేరు ఎలాగూ పగులు వెతుక్కుంటుంది, మొదటి రెండేళ్ళు దానికి ఆ కష్టం తప్పించడమే మేం చేయగలిగింది.

గొట్టం గుంతలో దించి, తీగలు తెంపి, బద్దలు రెండూ మెల్లగా పైకి లాగాం. చాలావాటికి వేరు మీటరంతా నిటారుగా దిగి ఉంది. పిల్లల్లో ఒకడు మట్టి రాలిన చోట వేరును వేలితో తాకి, మొక్కనూ దాన్నీ మార్చి మార్చి చూశాడు. పైన జానెడు కూడా లేదు. కింద వాడి నడుము ఎత్తు ఉంది.

ప్రతి మొక్క పక్కన రంధ్రాలు పెట్టిన సన్న గొట్టం ఒకటి మీటరు లోతుకు దించాం. నీళ్ళు పైన పోయము, అందులోనే పోస్తాం. పైన తడిపితే వేరు పైకి చూస్తుంది, లోతున తడిపితే దిగుతుంది. చుట్టూ కోళ్ళ వల, దాని చుట్టూ ముళ్ళ కంప. చివరి మూడు మొక్కలు బడి ఆవరణలో నాటాం. అక్కడ మొదటి గ్లాసు నీళ్ళు మ్మా పోశారు.

మూడో ఏడు, జనవరి 20

కుందేళ్ళు వల కింద ఇసుక తవ్వి దూరి ఏడు మొక్కలు కొరికేశాయి. వల అంచును జానెడు లోతుకు పాతి రాళ్ళు పెట్టాను. రెండు చోట్ల చెదలు. వారానికి ఒకసారి, మొక్కకు ఐదు లీటర్లు.

ఫిబ్రవరి 24

కొరికిన ఏడింటిలో ఐదు మళ్ళీ చిగురించాయి. పదిహేను రోజులకు ఒకసారి నీళ్ళు.

ఏప్రిల్ 13

పొలంలో 36కు 30 ఉన్నాయి. బడిలో మూడుకు మూడు. అన్నిటికంటే పొడుగైనది 41 సెంటీమీటర్లు, పొట్టిది 12. ఈ పొట్టిదే పదహారో నంబరు.

దాని పక్కన మూడడుగుల దూరంలో బర్మా దింపాను. నలభై సెంటీమీటర్ల దాకా పొడి ఇసుక, వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. ఎనభై దగ్గర రంగు మారింది. మీటరున్నర దగ్గర తీసిన ఇసుక పిడికిట్లో పట్టి వదిలితే ముద్దగా నిలిచింది. డిసెంబరు, జనవరి వానలు అక్కడ ఉన్నాయి. ఇక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలో కురుమాన్ ఊరి నడుమ ఒక ఊట ఉంది. చుట్టూ ఇంత ఎండు నేల ఉన్నా రోజుకు సుమారు 2 కోట్ల లీటర్ల నీరు పైకి వస్తుంది. ఈ నేల నీటిని ఎక్కడ దాచుకుంటుందో ఈ చెట్లకు తెలుసు.

రైతు నీళ్ళ ట్యాంకరు తెచ్చారు. వద్దన్నాను. ముప్పై సన్న గొట్టాల నోళ్ళకూ రాళ్ళు పెట్టి మూసి, ఖాళీ డబ్బాలు బండిలో వేసుకుని ఊరికి వచ్చాం.